పాత పందెపు కార్లు: వాటి గతి, వాటి గుర్తింపు

తెలుగు బోధించే మేము మోటారు కార్లను గురించి వ్యాసం వ్రాయబూనడం పాఠకులకు కొంత వింతగా తోచవచ్చును. దీనికి కారణం మా తరగతి గదిలోనే పుట్టింది. ఒకనాడు మేము తాళపత్ర ప్రతులను గురించి, పాఠాంతరాలను గురించి పాఠం చెబుతున్నాము. ఒక లేఖకుడు పాత ప్రతిని చూచి కొత్త ప్రతిని, దానిని చూచి మరొక లేఖకుడు ఇంకొక ప్రతిని వ్రాసుకొంటూ వచ్చారనీ, నన్నయ స్వహస్తంతో వ్రాసిన ఆకు ఒక్కటి కూడా మనకు మిగలలేదనీ, అయినప్పటికీ ఆ రచన నన్నయదే అని మనం నిస్సంకోచంగా అంటున్నామనీ చెప్పాము. వెనుక బెంచీ నుండి ఒక విద్యార్థి లేచాడు. "సార్, మా అబ్బా లారీకి ఇంజను మార్చారు, క్యాబిన్ మార్చారు, తొట్టి కొత్తది కట్టించారు. ఆర్.సి. బుక్కులో నంబరు మాత్రం పాతదే. అది పాత లారీయా, కొత్త లారీయా సార్?" అని అడిగాడు. తరగతి అంతా నవ్వింది. మేమూ నవ్వాము. మేము సమాధానం చెప్పకముందే గంట కొట్టారు.

ఆ ప్రశ్న మమ్ములను వదలలేదు. వెదుకుతూ పోగా, సరిగ్గా ఇదే ప్రశ్న 1990లో ఇంగ్లండులోని ఉన్నత న్యాయస్థానంలో ఒక పాత పందెపు కారు విషయమై విచారణకు వచ్చిందని తెలిసింది. అక్కడ పణంగా ఉన్న సొమ్ము కోటి పౌండ్లు. ఆ వ్యాజ్యాన్ని అర్థం చేసుకోవాలంటే ముందుగా పందెపు కార్ల స్వభావమేమిటో, పరుగు ఆగిన తరువాత వాటికి పట్టే గతి ఏమిటో, వాటి ఆచూకీని పరిశోధకులు ఏ విధంగా తీస్తారో తెలియవలసి ఉన్నది. ఈ వ్యాసంలో ఆ విషయాలను వరుసగా పరిశీలిస్తాము.

నిజానికి ఈ ప్రశ్న మన దేశానికి కొత్త కాదు. బౌద్ధ వాఙ్మయంలోని మిలింద పన్హలో నాగసేన భిక్షువు మిలింద రాజును రథాన్ని గురించే ప్రశ్నిస్తాడు. ఇరుసు రథమా? చక్రాలు రథమా? నొగ రథమా? ఏ ఒక్కటీ కాదని రాజు ఒప్పుకొంటాడు. ఈ భాగాలన్నీ కూడిన చోట వాడుకలో పెట్టుకొన్న పేరే రథమని చివరకు తేలుతుంది. రెండు వేల ఏండ్ల నాటి ఆ రథాన్ని గురించిన చర్చ నేటి కారుకు కూడా వర్తిస్తుంది. అయితే తత్త్వవేత్త అక్కడ ఆగవచ్చును గాని, కారును కొనేవాడు ఆగలేడు. తాను కొంటున్నది ఏ కారో అతడు తేల్చుకొని తీరవలసిందే.

పందెపు కారు స్వభావం

ఇంటి అవసరానికి కొన్న కారును యజమాని పదిలంగా చూచుకొంటాడు. పందెపు కారు అలా కాదు. అది ఒక పనిముట్టు. ఈ పందెంలో పగిలిన ఇంజనును వచ్చే పందెం నాటికి మార్చి తీరాలి. గోడకు గుద్దుకొన్న బాడీని రాత్రికి రాత్రి తీసివేసి కొత్త రేకు వేయాలి. ఒక కారు పూర్తిగా ధ్వంసమైతే దాని గేరుపెట్టె మరొక కారుకు, దాని ఇరుసు వేరొక కారుకు పోతుంది. పందెం గెలవడమే లక్ష్యమైన చోట, నూరేండ్ల తరువాత ఎవరో వచ్చి "ఇది ఆ కారేనా?" అని అడుగుతారన్న ఆలోచన ఏ మెకానిక్కుకు ఉంటుంది?

ఇంకొక చిక్కు కూడా ఉన్నది. యూరపులో పందెం కోసం కారును సరిహద్దు దాటించాలంటే దాని ఛాసిస్ నంబరు వ్రాసిన కస్టమ్స్ పత్రం అవసరమయ్యేది. పత్రం ఒక కారుది సిద్ధంగా ఉండి, ప్రయాణానికి సిద్ధమైనది మరొక కారు అయినప్పుడు, నంబరు పలకను ఊడదీసి దీనికి బిగించి పంపిన సందర్భాలు కద్దు. నాటి వారికి అది ఒక్క పూట సౌకర్యం. నేటి పరిశోధకునికి అది ఏండ్ల తరబడి తలనొప్పి.

అన్నిటికంటే ముఖ్యమైనది మరొకటి. ఒక్క ఏడాది గడిచి, పోటీ సంస్థ వారు మరింత వేగం గల యంత్రాన్ని తయారు చేయగానే నిన్నటి విజేత విలువ పడిపోయేది. పాత పందెపు కారు ఊరిలో నడపడానికి పనికిరాదు, సామాను వేయడానికి పనికిరాదు. కనుక అది చౌకగా చేతులు మారుతూ పోయేది. ఇంజను పాడైతే, ఇటలీ నుండి ఖరీదైన విడిభాగాలు తెప్పించలేని యజమానులు దొరికిన అమెరికన్ ఇంజను బిగించి నడుపుకొనేవారు.

పరుగు ఆగిన తరువాత పట్టిన గతులు

ఈ కార్లకు పట్టిన గతులను స్థూలంగా నాలుగు విధాలుగా విభజించవచ్చును.

మొదటిది ఉపేక్ష. ఫెరారి సంస్థ 1962 నుండి 1964 వరకు తయారు చేసిన 250 జి.టి.ఓ. అనే పందెపు కార్లు 36 మాత్రమే. వాటిలో ఒకటి 1964లో అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో ఒక ఉన్నత పాఠశాలకు దానంగా వచ్చింది. మోటారు పనులు నేర్చుకొనే పిల్లలు దాని మీద పని నేర్చుకొన్నారు. 1972లో ఆ పాఠశాల దానిని 6,500 డాలర్లకు అమ్మివేసింది. తరువాత అది ఒహాయో రాష్ట్రంలో ఒక పొలంలో, ట్రెయిలరు మీద, ఎండకు ఎండి వానకు తడుస్తూ ఏండ్ల తరబడి పడి ఉన్నది. అదే జాతికి చెందిన మరొక కారు 2018లో వేలంలో 4 కోట్ల 84 లక్షల డాలర్లకు పోయింది. పాఠశాల వారిని మనం తప్పు పట్టలేము. నాడు దాని విలువ అంతే.

రెండవది ప్రమాదం. ఇంగ్లండులో కోవెంట్రీ నగరపు జాగ్వార్ సంస్థకు చెందిన డి-టైప్ కార్లు ఫ్రాన్సులోని లెమాన్ 24 గంటల పందెంలో 1955, 1956, 1957 సంవత్సరాలలో వరుసగా గెలిచాయి. అమ్ముడుపోక మిగిలిన డి-టైప్ కార్లను రోడ్డు మీద నడిపేందుకు వీలుగా మార్చి, ఎక్స్.కె.ఎస్.ఎస్. అనే పేరుతో అమ్మదలచారు. 1957 ఫిబ్రవరి 12వ తేదీ రాత్రి కర్మాగారంలో మంటలు రేగాయి. అప్పటికి 16 కార్లు పూర్తి అయినాయి. మిగిలిన 9 కార్లు ఆ మంటలలో కాలిపోయాయి.

మూడవది చట్టం. ఇటలీ, స్విట్జర్లాండుల మధ్య ఉన్న మాజోరె సరస్సులో 1925 నాటి బుగాటి బ్రెస్సియా కారు ఒకటి సుమారు డెబ్బై ఏండ్లు మునిగి ఉన్నది. బ్రెస్సియా అన్నది 1921లో ఇటలీలో ఆ పేరుగల పట్టణంలో జరిగిన పందెపు విజయం వల్ల ఆ జాతి కార్లకు వచ్చిన పేరు. దిగుమతి సుంకం చెల్లించని ఆ కారును నాశనం చేయవలసిన బాధ్యత సుంకపు అధికారులపై పడిందనీ, వారు దానిని గొలుసు కట్టి నీటిలోకి దింపారనీ, కాలక్రమాన గొలుసు తుప్పు పట్టి తెగిపోగా కారు అడుగుకు చేరిందనీ చెబుతారు. 2009 జూలైలో స్థానిక గజ ఈతగాండ్ర సంఘం వారు దానిని పైకి తీశారు. 2010లో పారిస్ వేలంలో అది 2,60,500 యూరోలకు పోయింది. ఆ సొమ్మును, దాడిలో మరణించిన ఒక స్థానిక యువకుని పేర నెలకొల్పిన ధర్మసంస్థకు ఇచ్చారు. కొన్న వారు ఆ తుప్పును తుడవలేదు. ఒక పక్క పూర్తిగా తినివేయబడిన ఆ ఆకారాన్ని ఉన్నది ఉన్నట్లుగా ప్రదర్శనలో ఉంచారు.

నాలుగవది యుద్ధం. దీనిని గురించి కొంత విస్తరించి చెప్పవలసి ఉన్నది.

గనిలో దాగిన వెండి కార్లు

1932లో ఆడి, డి.కె.డబ్ల్యు., హార్ఖ్, వాండరర్ అనే నాలుగు జర్మన్ సంస్థలు కలిసి ఆటో యూనియన్ అనే సంస్థగా ఏర్పడ్డాయి. నేటి ఆడి కారు ముందు కనబడే నాలుగు వలయాలు ఆ నాలుగు సంస్థలకు గుర్తు. ఫెర్డినాండ్ పోర్షె రూపకల్పనతో ఈ సంస్థ జ్వికావ్ పట్టణంలో పందెపు కార్లను నిర్మించింది. ఇంజను డ్రైవరు వెనుక ఉండడం వాటి విశేషం. వాటిలో సి-రకపు కారుకు 16 సిలిండర్ల ఇంజను ఉండేది. దానిని నడిపి బెర్న్డ్ రోజ్‌మేయర్ 1936లో యూరప్ విజేత అయినాడు. 1938 జనవరి 28వ తేదీన వేగపు రికార్డు కోసం నడుపుతూ మరణించాడు. ఆటో యూనియన్ కార్ల చివరి పందెం బెల్‌గ్రేడ్‌లో 1939 సెప్టెంబరు 3వ తేదీన జరిగింది. ఇటలీ వీరుడు తాత్సియో నువోలారి ఆ పందెం గెలిచాడు. బ్రిటన్, ఫ్రాన్సులు జర్మనీపై యుద్ధం ప్రకటించినది సరిగ్గా ఆ రోజుననే.

యుద్ధకాలంలో ఈ కార్లను జ్వికావ్ సమీపాన ఒక గనిలో దాచారు. 1945లో ఆ ప్రాంతం సోవియట్ సైన్యం అధీనంలోకి వచ్చింది. యుద్ధ నష్టపరిహారం కింద కార్లు రైలెక్కి తూర్పుకు పోయాయి. అక్కడి పరిశోధన సంస్థలు, కర్మాగారాలు వాటి నిర్మాణ రహస్యాలను తెలుసుకొనేందుకు వాటిని విప్పి పరిశీలించాయి. పరిశీలన ముగిసిన యంత్రం తుక్కు కిందికే వస్తుంది. ఇందులో ద్వేషమేమీ లేదు. సర్వస్వం కోల్పోయిన దేశంలో ఉక్కుకు అవసరం ఉన్నది.

అయినను అన్నీ నశించలేదు. కొండ ఎక్కే పందాల కోసం తయారైన ఒక 16 సిలిండర్ల కారు మాస్కోలోని జిల్ కర్మాగారంలో మూలబడి ఉన్నది. 1976లో దానిని తుక్కు చేయబోతున్నారని తెలిసి, లాత్వియా పాతకార్ల సంఘం అధ్యక్షుడు మాస్కోకు పోయి, అధికారులను ఒప్పించి దానిని రీగా నగరానికి తరలించాడు. తరువాతి కాలంలో ఆడి సంస్థ ఆ కారును తాను పొంది, రీగా ప్రదర్శనశాలకు దాని నమూనాను చేయించి ఇచ్చింది. ఇక 1980లలో ఒక అమెరికన్ దంపతులు సోవియట్ దేశంలో తిరిగి తిరిగి, ఒకచోట ఇంజను, ఒకచోట ఛాసిస్ చట్రపు ముక్కలు, మరొకచోట ఇరుసులు సేకరించారు. ఆ భాగాలతో ఇంగ్లండులోని నిపుణులు రెండు డి-రకపు కార్లను తిరిగి నిలబెట్టారు. వాటిలో రెండవదానిని 2012లో ఆడి సంస్థ కొనుగోలు చేసింది.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయవలసి ఉన్నది. ఇటువంటి కార్లు ఒక్కొక్కటి ఏ పందెంలో పాల్గొన్నదో చెప్పడం ఎంత కష్టమో 2007లో బయటపడింది. పారిస్‌లో వేలానికి రానున్న ఒక డి-రకపు ఆటో యూనియన్ కారు ఛాసిస్ సంఖ్య విషయమై సందేహాలు తలెత్తగా వేలం నుండి దానిని తప్పించవలసి వచ్చింది. అది ఆటో యూనియన్ కారు కాదని ఎవరూ అనలేదు. ఏ ఆటో యూనియన్ కారు అన్నదే ప్రశ్న.

ఆచూకీ తీసే విధానం

ఈ రంగంలోని పరిశోధకుని పని తాళపత్ర పరిష్కర్త పనిని పోలి ఉంటుందని మాకు తోచినది. బ్రౌను దొర వేమన పద్యాల కోసం ఊరూరి నుండి ప్రతులు తెప్పించి, ఒకదానితో ఒకటి సరిపోల్చి చూచినట్లే, ఇక్కడ కూడా ఒక్క సాక్ష్యంపై ఆధారపడకూడదు.

మొదట చూడవలసినది నంబర్లు. ఛాసిస్ మీద చెక్కిన సంఖ్య, ఇంజను మీది సంఖ్య, గేరుపెట్టె మీది సంఖ్య వేరువేరుగా ఉంటాయి. కర్మాగారపు చిట్టాలో ఏ ఛాసిస్‌కు ఏ ఇంజను బిగించి పంపారో వ్రాసి ఉంటుంది. అవి కలిస్తే మంచిదే. అయితే రివెట్లతో బిగించిన పలకను ఎవరైనా తీసి మరొకదానికి బిగించవచ్చును. కనుక చట్రపు లోహం మీదనే గుద్దిన అంకెలను, ఆ అంకెల వంపును, లోతును, నాటి కర్మాగారపు అచ్చులతో పోల్చి చూస్తారు.

రెండవది కాగితాలు. పందెపు నిర్వాహకుల ప్రవేశ పట్టికలు, పందెానికి ముందు యంత్రాన్ని తనిఖీ చేసిన వారి నివేదికలు, రిజిస్ట్రేషను పుస్తకాలు, అమ్మకపు రసీదులు, యజమానుల ఉత్తరాలు ఇందులోకి వస్తాయి. ఒకరి నుండి మరొకరికి కారు ఎప్పుడు చేరిందో తెలిపే ఈ పరంపరలో ఒక్క లంకె తెగినా, ఆ తెగిన చోట మోసానికి తలుపు తెరచుకొంటుంది.

మూడవది ఛాయాచిత్రాలు. పాత పందెపు ఫొటోలో బానెట్టు మీద రివెట్ల వరుస ఎలా ఉన్నది, గాలి పోయే చీలికలు ఎన్ని, ఎడమ రెక్కపై సొట్ట ఎక్కడ అన్నది భూతద్దంతో చూచి, ఎదుట ఉన్న కారుతో సరిపోలుస్తారు. చేతితో కొట్టిన రేకు గనుక ఏ రెండు బాడీలూ అచ్చంగా ఒకే విధంగా ఉండవు.

నాలుగవది మనుషులు. ఆ కారు కింద పడుకొని బోల్టులు బిగించిన మెకానిక్కు జ్ఞాపకం. జ్ఞాపకం పొరపడవచ్చును. కాని విరిగిన చట్రాన్ని తాను ఏ చోట అతుకు వేశాడో అతనికి గుర్తుంటుంది. రంగు గీకి చూస్తే ఆ అతుకు అక్కడ ఉన్నప్పుడు, ఆ మాటకు ఏ పత్రానికీ లేని బలం వస్తుంది.

ఇన్ని చేసినను కొన్ని చిక్కులు తీరవు. ధ్వంసమైన కారు ఛాసిస్‌ను ఒకరు కొని కొత్త బాడీ కట్టిస్తారు. దాని పాత బాడీని, ఇంజనును మరొకరు కొని కొత్త ఛాసిస్ చేయిస్తారు. ముప్పై ఏండ్ల తరువాత ఒకే పేరు చెప్పుకొని రెండు కార్లు ఎదురెదురుగా నిలుస్తాయి. ఇద్దరు యజమానులూ అబద్ధం చెప్పడం లేదు. అయినను రెండూ ఒకే కారు కానేరవు.

'ఓల్డ్ నంబర్ వన్' వ్యాజ్యం

ఇప్పుడు మొదట ప్రస్తావించిన వ్యాజ్యానికి వద్దాము. బెంట్లీ సంస్థ స్పీడ్ సిక్స్ అనే ఆరు సిలిండర్ల కారును 1929లో లెమాన్ పందెానికి పంపింది. సంస్థ అధిపతి వూల్ఫ్ బర్నాటో, టిమ్ బర్కిన్ దానిని నడిపి గెలిచారు. 1930లో అదే కారును బర్నాటో, గ్లెన్ కిడ్‌స్టన్ నడిపి మరల గెలిచారు. ఆ కారుకు ఓల్డ్ నంబర్ వన్ అనే ముద్దుపేరు స్థిరపడింది. 1931లో అది లండను సమీపాన ఉన్న బ్రూక్‌లాండ్స్ పందెపు బాటపై 500 మైళ్ల పందెం గెలిచింది. ఈ పందాల మధ్య దాని భాగాలు ఒక్కొక్కటిగా మారుతూ వచ్చాయి.

1932 సెప్టెంబరులో అదే 500 మైళ్ల పందెానికి దానికి ఎనిమిది లీటర్ల ఇంజను బిగించారు. క్లైవ్ డన్‌ఫీ అనే యువకుడు నడుపుతుండగా కారు అదుపు తప్పి, ఏటవాలు గట్టు పై అంచు దాటి పడిపోయింది. అతడు మరణించాడు. ముందటి ఏడాది అదే కారులో అదే పందెం గెలిచిన ఇద్దరిలో ఒకడు అతని అన్నదమ్ముడు జాక్ డన్‌ఫీయే. తరువాత బర్నాటో ఆ కారును పునర్నిర్మింపజేసి, పైకప్పు గల మూసిన బాడీ కట్టించి రోడ్డు మీద వాడుకొన్నాడు. ఆపైన అది అనేక చేతులు మారింది. చివరి యజమాని దానికి తిరిగి పందెపు బాడీ కట్టించాడు.

1990 ఏప్రిల్‌లో ఒక సంస్థ దానిని కోటి పౌండ్లకు కొనేందుకు ఒప్పందం చేసుకొని, తరువాత వెనుకకు తగ్గింది. ఇది అసలు ఓల్డ్ నంబర్ వన్ కాదన్నది వారి వాదన. యజమాని న్యాయస్థానాన్ని ఆశ్రయించాడు. నిపుణులు కారును అంగుళం అంగుళం పరిశీలించారు. 1929లో గెలిచిన నాటి లోహం దాదాపుగా ఏమీ మిగలలేదని తేలింది. లోహమే ప్రమాణమైతే కొనుగోలుదారు గెలవవలసినదే.

కాని న్యాయమూర్తి ఆటన్ ప్రశ్నను మరొక విధంగా చూచారు. 1929 నాటి భాగాలతోనే ఉన్న కారు అన్న అర్థంలో ఇది 'మొదటి' కారు కాదని ఆయన అంగీకరించారు. అయితే ఇది ఎక్కడెక్కడి ముక్కలో ఏరి తెచ్చి కొత్తగా అల్లిన కారు కూడా కాదన్నారు. భాగాలు ఒక్కసారిగా కాక క్రమక్రమంగా మారాయి. మారిన ప్రతి భాగమూ అప్పటికి బ్రతికి ఉన్న కారులో కలిసిపోయింది. ఏ దశలోనూ ఆ కారు తన గుర్తింపును కోల్పోలేదు. ఆ పేరుకు హక్కు చెప్పుకోగల వేరొక బెంట్లీ కారు ఎక్కడా లేదు. అమ్మకానికి పెట్టినది కేవలం లోహం కాదు, దానితో పాటు దాని చరిత్ర, దాని కీర్తి కూడా అని ఆయన తీర్పు చెప్పారు. ఇది ప్రామాణికమైన ఓల్డ్ నంబర్ వన్ అని నిర్ణయించి, కొనుగోలుదారు మాట నిలుపుకోవలసిందేనన్నారు.

ఈ తీర్పులో విద్యార్థులు గమనించవలసిన సూక్ష్మం ఒకటి ఉన్నది. మారిన భాగాలు ఉన్నంత మాత్రాన కారు అబద్ధం కాలేదు. మారిన సంగతి తెలియకుండా పోయి ఉంటే మాత్రం అది అబద్ధమై ఉండేది. ఏది ఎప్పుడు మారిందో నిపుణులు చెప్పగలిగారు గనుకనే న్యాయమూర్తి తీర్పు చెప్పగలిగారు. యజమానికి అనుకూలంగా నిలిచినది, మార్పులను దాచిపెట్టని చరిత్రే.

కొత్తగా పుట్టిన పాత కార్లు

దీనికి భిన్నమైన సమస్యను ఇటీవలి కాలంలో కర్మాగారాలే తెచ్చిపెట్టాయి. జాగ్వార్ సంస్థ 1963లో తేలిక రకపు ఇ-టైప్ పందెపు కార్లకు 18 సంఖ్యలు కేటాయించి, 12 కార్లు మాత్రమే తయారు చేసింది. 2014లో ఆ మిగిలిన 6 సంఖ్యలతో 6 కార్లు తయారు చేసింది. 2016లో, మంటలలో పోయిన 9 ఎక్స్.కె.ఎస్.ఎస్. కార్లకు బదులుగా తొమ్మిదింటిని తయారు చేస్తామని ప్రకటించింది. తయారు చేసినది అదే సంస్థ, వాడినది అదే నమూనా. అయినను అవి ఒక్క పందెంలోనూ చెమటోడ్చలేదు. వాటికి సంఖ్య ఉన్నది గాని చరిత్ర లేదు. ఓల్డ్ నంబర్ వన్‌కు లోహం పోయినను చరిత్ర మిగిలింది. వీటికి లోహం మెరుస్తున్నది గాని చరిత్ర రేపటి నుండి మొదలు కావలసి ఉన్నది. వీటిని నమూనాలని బహిరంగంగా చెప్పి అమ్మినంత కాలం ఇందులో దోషం లేదు. చెప్పకుండా అమ్మిన నాడే చిక్కు.

ఇక మూడవ రకం ఒకటి ఉన్నది. ఇందులో లోహమూ చరిత్రా రెండూ నిలిచాయి. అమెరికాలో 1964, 1965 సంవత్సరాలలో షెల్బీ కోబ్రా డేటోనా కూపే అనే కార్లు ఆరు తయారయ్యాయి. వాటిలో మొట్టమొదటిది పందాలు ముగిసిన తరువాత ఒక సంగీత నిర్మాత చేతికి, ఆపైన అతని అంగరక్షకుని చేతికి, చివరకు ఆ అంగరక్షకుని కుమార్తె చేతికి వచ్చింది. ఆమె దానిని కాలిఫోర్నియాలో ఒక అద్దె గదిలో పెట్టి తాళం వేసింది. ఎంతమంది అడిగినా అమ్మలేదు. ఆమె మరణానంతరం 2001లో అది వెలుగులోకి వచ్చింది. హక్కు విషయమై వ్యాజ్యం నడిచిన పిమ్మట అది ఫిలడెల్ఫియాలోని సిమియోని ప్రదర్శనశాలకు చేరింది. వారు దానికి కొత్త రంగు వేయలేదు. గీతలు, మచ్చలు అలాగే ఉంచారు. 2014లో అమెరికాలో చారిత్రక వాహనాల జాతీయ పట్టికలో మొట్టమొదటిగా నమోదైనది ఈ కారే. తాళం వేసి ఉంచడం నిర్లక్ష్యమని నాడు అందరూ అనుకొన్నారు. ఎవరి చేతులూ పడక పోవడమే దానికి రక్షణ అయింది.

పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య వారి ట్యూరిన్ పత్రం కూడా ఇదే దారిని సూచిస్తున్నది. వీలైనంత వరకు ఉన్నది ఉన్నట్లు కాపాడాలనీ, మార్చక తప్పని చోట మార్చినదేదో వ్రాసి ఉంచాలనీ దాని సారాంశం.

మన దేశపు నిబంధన

ఈ విషయం మన దేశంలోనూ చట్టరూపం దాల్చింది. 2021లో కేంద్ర ప్రభుత్వం మోటారు వాహనాల నియమాలను సవరించి, 50 ఏండ్లు దాటిన ద్విచక్ర వాహనాలకు, నాలుగు చక్రాల వాహనాలకు 'వింటేజి' రిజిస్ట్రేషను ఏర్పాటు చేసింది. నంబరు పలక మీద 'వి ఏ' అనే అక్షరాలు ఉంటాయి. వాహనం తన మూలరూపంలో ఉండాలి, ఛాసిస్‌లో గాని బాడీలో గాని ఇంజనులో గాని గణనీయమైన మార్పు జరిగి ఉండరాదు అన్నది నియమం. ఈ నియమాన్ని అక్షరాలా అన్వయిస్తే ఓల్డ్ నంబర్ వన్ వంటి కారు నెగ్గడం కష్టమే. చట్టం కంటికి కనబడే లోహాన్ని కొలుస్తుంది. చరిత్రను కొలవడానికి పత్రాలు కావాలి, వాటిని చదవగల మనుషులు కావాలి.

ఉపసంహారం

ఇంతకూ మా విద్యార్థి ప్రశ్నకు సమాధానం ఏమిటి? మరుసటి వారం తరగతిలో ఇట్లు చెప్పాము: "నాయనా, మీ అబ్బా ఇంజను మార్చిన నాడు ఆ సంగతిని రవాణా కార్యాలయంలో తెలిపి, ఆర్.సి. బుక్కులో కొత్త ఇంజను నంబరును ఎక్కించారా? ఎక్కించి ఉంటే అది మీ పాత లారీయే. లేకపోతే అది పాతదీ కాదు, కొత్తదీ కాదు." అతడు కొంచెం సేపు ఆలోచించి, "ఇంటికి పోయి చూస్తాను సార్" అన్నాడు. ఈసారి తరగతి నవ్వలేదు.

నన్నయ వ్రాసిన ఆకు పోయినను నన్నయ మిగలడానికి కారణం, నడుమ నిలిచిన లేఖకులు. వారిలో కొందరు ప్రతి చివర తమ పేరును, వ్రాత ముగిసిన సంవత్సరాన్ని, తిథిని వ్రాసి ఉంచారు. తప్పులుంటే పెద్దలు దిద్దుకోవలసిందని వేడుకొన్న వారూ ఉన్నారు. కర్మాగారపు చిట్టాలో ఇంజను నంబరు ఎక్కించిన గుమాస్తా, చట్రానికి అతుకు వేసి ఆ చోటు గుర్తుంచుకొన్న మెకానిక్కు ఆ కోవకు చెందినవారే. గెలిచిన వీరుల పేర్లు ఫలకాల మీద ఉన్నాయి, ఈ గుమాస్తాల పేర్లు ఎక్కడా లేవు. అయినను నేడు వేలంలో సుత్తి పడే ముందు, న్యాయస్థానంలో తీర్పు వెలువడే ముందు అందరూ తెరచి చూచేది వారి చేతివ్రాతనే.

మన విద్యార్థులలో కొందరు రేపు మోటారు షెడ్లలో, కొందరు కార్యాలయాలలో, కొందరు గ్రంథాలయాలలో పని చేయబోతున్నారు. ఏ భాగాన్ని మార్చినా తేదీ వేసి వ్రాసి పెట్టవలసిందని వారికి మా మనవి. అది ఎవరికి ఎన్నడు అవసరపడుతుందో వ్రాసే నాడు తెలియదు.